కొసరు, మచ్చు, వెట్టి

ఊరక యిచ్చుటను గూర్చి మన భాషలో మాటలు పెక్కు గలవు. ఫలాపేక్ష లేక యిచ్చునది దానము. తూకము సరిపోయిన పిదప కూరగాయలమ్మునామె మన సంచిలో వేయు రెండు వంకాయలు కొసరు. బేరమునకు ముందు సరకు గుణము తెలియుటకై చూపునది మచ్చు. ఈ మూడింటికిని ప్రాణము ఇచ్చువాని యిష్టమే. ఆ యిష్టము తొలగినచో మిగులునది నాలుగవ మాట, వెట్టి. చిన్న చిన్న వృత్తులలో క్రొత్తగా ప్రవేశించు యువతీయువకులకు ఈ భేదము తెలియకపోవుటయు, తెలిసిన పెద్దలు దానిని మరుగుపరచుటయు మేము తఱచుగా చూచుచున్నాము. అందుచేత దీనిని గూర్చి కొంత వ్రాయదలచితిమి.

మచ్చు నిచ్చి వ్యాపారము పెంచుట పాశ్చాత్యుల యుపాయమని కొంద ఱందురు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్ర నెఱిగినవారు ఆ మాట యనరు. కృష్ణామండలమున 1867లో జన్మించిన వారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. పేరు వినని మందును నొసట రాచుకొనుట కెవరు సాహసింతురు? పంతులుగారు సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. నొప్పి తగ్గినదో లేదో చెప్పుటకు వేఱొక సాక్షి యక్కఱలేదు; ఎవరి నొసలు వారికి సాక్షి. ఆ వ్యాపారము నిలిచినది గనుకనే 1908లో ఆంధ్రపత్రిక బొంబాయినుండి వారపత్రికగా వెలువడెను. 1914లో మద్రాసున దినపత్రిక యయ్యెను. 1924లో భారతియు, 1926లో ఆంధ్రగ్రంథమాలయు వచ్చెను. లోకము వారిని విశ్వదాత యనెను. మొదట మచ్చు, పిదప వెల, ఆపైన దానము. ఈ క్రమమును మన వారు గుర్తుంచుకొనవలెను. సీసాకు వెల లేకున్నచో పత్రికకు కాగితము లేదు.

ఆ మచ్చులో మూడు గుణములున్నవి. దాని ఖర్చు ఇచ్చువాడే భరించెను. గుణము తెలియుటకు చాలినంతయే యిచ్చెను. పుచ్చుకొన్నవాడు కొనకపోయినను తప్పులేదు.

అయితే పుచ్చుకొనువారికిని జాగ్రత్త కావలెను. 1930 దశకమున ఆర్థికమాంద్యముచే విదేశములలో తేయాకు ధర పడిపోగా, తేయాకు ప్రచారకులు మన దేశపు పట్టణములలోను సంతలలోను టీ కాచి ఉచితముగా పోసిరి. ఇండ్లకు పోయి కాచు విధము నేర్పిరి. తలనొప్పి మందు మచ్చు నొప్పితో పోవును. టీ మచ్చు అలవాటై నిలిచిపోవును. 2016 సెప్టెంబరులో జియోవారు కొన్ని నెలలు ఇంటర్నెట్టును ఊరక యిచ్చినదియు ఈ జాతిలోనిదే. ఇది మోసమని మేమనము. ఊరక వచ్చినది వస్తువా, అలవాటా యని గృహస్థులు ఒక్కమాఱు తమ్ము తామడిగికొనుట మంచిది.

ఇక మచ్చును తీయు చేయి యెవరిదను ప్రశ్న. ఇది మా అద్దంకి ప్రాంతపు మిర్చి రైతునకు క్రొత్త గాదు. ఇచ్చటి కాయ గుంటూరు యార్డుకు పోవును. బస్తా విప్పి చూడక బేరము కుదరదు. రైతు విప్పి చూపిన గుప్పెడు మచ్చు. అతని నడుగక యితరులు తీసికొనిపోయిన గుప్పెళ్లు మచ్చు కావు. సరకు అమ్ముడుపోకున్నను మచ్చు పేర పెద్దమొత్తములు తీసికొని రైతునకు వెల యీయని దురాచారమును 1928 నాటి వ్యవసాయ రాయల్ కమీషను నివేదికయే యెత్తి చూపినది.

కాయకు కాటా యైన గలదు. చేతిపనికి అదియు లేదు. మా పూర్వవిద్యార్థిని యొకతె వాయిదాలపై కుట్టుమిషను కొని యింటనే పని ప్రారంభించెను. మొదటి నెలలో వచ్చినవారికి ఒక పాత జాకెట్టు భుజములు ఊరక సరిచేసి యిచ్చెదనని తానే చెప్పెను. అది చక్కని మచ్చు, పని వచ్చెను. అంతట ఒక సంపన్నగృహమువారు ఆఱు జాకెట్టు గుడ్డలు పంపి, "అమ్మాయీ, పెళ్లికి నాలుగూళ్లవాళ్లు వస్తారు, నీ పేరు చెబుతాంలే" అనిరి. ఆమె వచ్చి మమ్మడిగెను. ఒకటి మచ్చుగా కుట్టుము, అయిదింటికి వెల చెప్పుము అంటిమి. ఆమె యట్లే చెప్పెను. వారు ఆఱు గుడ్డలును తిరిగి తీసికొనిపోయిరి. ఆమె అత్తగారు రెండు దినములు కోడలితో మాటాడలేదు.

ఆ పెద్దయింటివారు దుర్మార్గులు కారు. దరజీకి వెల యిచ్చుటకు వారెన్నడును వెనుదీయలేదు. ఇంటిలో స్త్రీ చేయు వంటకును, కుట్టునకును, శుశ్రూషకును వెల కట్టు వాడుక మనలో లేదు; కావున ఆమె తన పనికి వెల చెప్పినపుడు అది మనకు గర్వముగా వినిపించును. అత్తగారి కోపమునకును మూలమిదియే. స్త్రీవిద్య కావలెనని సభలలో తీర్మానించు మనము, ఆ విద్య యింటిముంగిట ధర పలుకునపుడు చెవులు మూసికొనుట న్యాయమా?

మా బోంటి పండితులకును ఈ బాధ తప్పదు. "మాస్టారూ, మీకిదెంత, క్షణంలో పని" యని పెండ్లి పద్యముల కొఱకు వచ్చువారున్నారు. వంటవానికి బయానా ముందే ముట్టును, ఫోటోగ్రాఫరునకును ముట్టును. మేము వెల యన్నచో సరస్వతి నమ్ముకొనుట యట! బీదపిల్లలకు ఆదివారములు మేము చెప్పు వ్యాకరణమునకు వెల లేదు. అది దానము, మేము కోరి చేయుచున్నది. దానము చేయుమని గ్రహీత శాసింపరాదు.

కావున వృత్తిలో దిగు పిల్లలారా, మచ్చు నిండు, సంకోచింపకుడు. ఎంత యిత్తురో, ఎన్నాళ్లిత్తురో మొదటనే చెప్పుడు. మీ మిగులులోనుండి యిండు. అప్పు వాయిదాలోనుండి వలదు. గృహిణులారా, గృహస్థులారా, అసలుకన్న కొసరు ముద్దన్న సామెత మీకు తెలియును. కొసరు నడుగుటకు ముందు అసలు చెల్లింపుడు.