దుబాయి ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి దుబాయికి ఆకాశమార్గాన దాదాపు 2,500 కిలోమీటర్లు. సుమారు నాలుగు గంటలు. ఎల్లారెడ్డి నుంచి బయల్దేరేవాళ్లకు ఆ లెక్క చాలదు. బస్సులో కామారెడ్డి, అక్కణ్నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్, నగరం దాటాక శంషాబాద్. పైగా మూడు గంటల ముందే చేరుకోవాలి. గాల్లో కన్నా నేలమీదే ఎక్కువసేపు.

పేరు రాసి, తాడు కట్టిన అట్టపెట్టెలో మామిడికాయ తొక్కు, సకినాలు. "పైలం బిడ్డా, దిగంగనే ఫోన్ చెయ్" అంటుంది తల్లి. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. పనికి పోయిన ఆ కొడుకు డ్యూటీ దిగి, వండుకు తిని ఫోన్ చేసేసరికి ఇక్కడ పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఆ గంటన్నరే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

వచ్చేటప్పుడు పడమటి గాలి తోడై విమానం కాస్త ముందే దిగుతుంది. అయితే దాన్ని ఎక్కాలంటే సెలవు దొరకాలి, పోయేటప్పుడు చేసిన అప్పు తీరాలి.