ఎనభై ఎనిమిది మెట్లు, పన్నెండు మెట్లు

ఒక కళాకారుణ్ణి అభిమానించడం చాలా తేలికైన పని అని నేను చాలా కాలం అనుకున్నాను. మంచి సంగీతం వింటాం, ఆనందిస్తాం, నలుగురికీ చెబుతాం, అంతే గదా! అది అంత తేలిక కాదని నాకు నేర్పినవాళ్లు ఇద్దరు వాయిద్యకారులు. ఒకాయన మాస్కోలో పియానో వాయించాడు. ఇంకొకాయన పాలమూరు జిల్లాలో కిన్నెర వాయించాడు. ఈ ఇద్దరి మధ్యా నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాస్తే నిజాయితీ అనిపించుకోదు.

1980 ప్రాంతంలో నేను నల్లమల అంచున ఒక పల్లెటూరి బళ్లో ఉపాధ్యాయుణ్ణి. పట్నం పోయినప్పుడు సోవియట్ పుస్తకాలు అమ్మేచోట గ్రామఫోను రికార్డు ఒకటి కొన్నాను. వెల తక్కువ గనుక కొన్నానే గాని, దాని మీద పేరున్న స్వియతోస్లావ్ రిఖ్టర్ ఎవరో అప్పటికి నాకు తెలియదు. పియానో అనే వాద్యాన్ని నేను కంటితో చూసిందీ లేదు. సినిమాల్లో జమీందారు మేడలో, మెట్ల పక్కన, నల్లగా మెరుస్తూ ఉండే పెట్టె ఒక్కటే నాకు తెలుసు. కథానాయకుడు దాని ముందు కూర్చుంటే ఎవరికో పెళ్లి తప్పిపోయిందని ప్రేక్షకులకు అర్థమయ్యేది.

ఆ రికార్డు మీద ప్రొకోఫీవ్ ఏడవ సొనాటా ఉంది. ఒక మిత్రుడి ఇంట్లో రాత్రి పూట విన్నాము. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి చివరి భాగం దగ్గర నా చెయ్యి దానంతట అదే మోకాలి మీద తాళం వేసింది. ఏడు మాత్రల నడక అది! మిశ్రగతి తెలిసిన మన చెవికి అది పరాయి నడక కాదు. అయితే ఇక్కడ ఆ నడక ఆగదు, అలసట తీర్చుకోదు. ఇనుప చక్రం దొర్లినట్టు ముందుకే పోతుంది. ఆ సొనాటాను రిఖ్టర్ మొట్టమొదట వాయించింది 1943 జనవరిలో, మాస్కోలో. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం ముగింపుకు వస్తున్న రోజులవి. విన్నవాళ్లకు ఆ ఏడు మాత్రల్లో ఏమి వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

“ఇది బూర్జువా వాద్యం గదా, మనకెందుకు?” అని మిత్రుల్లో ఒకాయన వాదించాడు. ఆ వాదనకు జవాబు వెతకబోయి నేను పియానో పుట్టుక గురించి చదివాను. 1700 ప్రాంతంలో ఫ్లారెన్సు నగరంలో క్రిస్టోఫోరి అనే పనివాడు దాన్ని తయారుచేశాడు. అప్పుడది రాజాస్థానం వస్తువు. పందొమ్మిదవ శతాబ్దంలో పోత ఇనుప చట్రం వచ్చాకనే అది నేటి పియానో అయింది. 88 మెట్లు, రెండువందలకు పైగా ఉక్కు తీగలు; ఆ తీగలన్నీ కలిసి లాగే బలం 20 టన్నుల దాకా ఉంటుంది. కొలిమి, కర్మాగారం, ఉక్కు తీగ లాగే యంత్రం లేకపోతే పియానో లేదు. వెయ్యిమంది కూర్చునే హాలు నిండేటంత నాదం దానికి వచ్చింది ఆ ఇనుము వల్లనే. జమీందారు మేడలో ఉన్నా అందులో పనివాడి చెమట ఉంది. కాబట్టి ఒక వాద్యాన్ని అది ఎవరి ఇంట్లో ఉన్నదనే ఒక్క కొలతతో కొలవరాదని వాదించి, ఆ మిత్రుణ్ణి ఒప్పించాననుకున్నాను.

రిఖ్టర్ జీవితం కూడా నా అభిమానానికి దోహదం చేసింది. 1915లో ఉక్రెయిన్‌లోని జితోమిర్‌లో పుట్టాడు, ఒదెస్సాలో పెరిగాడు. చాలా వరకు తనంత తానే నేర్చుకున్నాడు. 1937లో, ఇరవై రెండేళ్ల వయసులో మాస్కో వెళ్లి నైగౌస్ అనే గొప్ప గురువు దగ్గర చేరాడు. 1986లో, డెబ్భై ఒకటో ఏట, సైబీరియా మీదుగా నెలల తరబడి ప్రయాణం చేసి, సరైన హాలు కూడా లేని చిన్న చిన్న పట్టణాల్లో సుమారు 150 కచేరీలు చేశాడు. ముసలితనంలో హాలంతా చీకటి చేయించి, తన ముందున్న స్వరపత్రం మీద మాత్రం చిన్న దీపం పెట్టుకొని వాయించేవాడు. జనం తన ముఖం గాక సంగీతం చూడాలని అతని కోరిక.

ఇవన్నీ నేను పిల్లలకు కథలుగా చెప్పాను. చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. అవి నాకు తర్వాత తెలిశాయి. అతని తండ్రి జర్మన్ సంతతివాడు, చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. గూఢచారి అన్న అభియోగం మీద 1941లో ఒదెస్సాలో ఆయన్ని కాల్చి చంపారు. 1953లో స్టాలిన్ అంత్యక్రియల్లో వాయించవలసినవాళ్లలో ఆ కొడుకు కూడా ఒకడు. పశ్చిమ దేశాల్లో కచేరీలకు అతన్ని 1960 దాకా పోనివ్వలేదు. పేద, ధనిక అని చూడకుండా సంగీత విద్యాలయం తలుపు తెరిచిన రాజ్యమూ, ఆ తండ్రిని చంపిన రాజ్యమూ ఒకటే. మొదటి సగం చెప్పి రెండో సగం మింగితే అది విమర్శ కాదు, భక్తి. మన వర్గంలో ఈ భక్తి చాలా కాలం నడిచింది. నాలోనూ నడిచింది.

ఇక నా తప్పు సంగతి.

బళ్లో పరీక్షలు జరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన వరండా ముందుకు వచ్చాడు. భుజాన వెదురు కర్ర, దానికి బుర్రలు, పైన నెమలి ఈకలు.

“సారూ, కిన్నెర మీద ఒక్క కత జెప్త. పొల్లగాండ్లు ఇంటరు” అన్నాడు.

“పరీక్షలు నడుస్తున్నయి పెద్దాయనా. ఈడ చప్పుడు చెయ్యొద్దు. ఇంకోపారి రా” అన్నాను.

“మంచిది సారూ” అని దండం పెట్టి పోయాడు. మళ్లీ రాలేదు.

పరీక్ష అయిపోయాక మాదిగవాడ పిల్లవాడొకడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “గాయన మా వాడకు వస్తడు సార్. మా తాతల కత జెప్తడు. మీరు ఇంటె బాగుండు” అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి మిత్రుడి ఇంటికి పోయి రిఖ్టర్‌ని విన్నాను.

ఇందులో నన్ను బాధించేది ముసలాయనను పంపించడం ఒక్కటే కాదు. పరీక్షలు నిజంగానే జరుగుతున్నాయి. బాధించేది నేను వాడిన మాట. పియానో విషయంలో నాదానికి పుట్టుక, చరిత్ర, ఆర్థిక పునాది అన్నీ వెతికాను. కిన్నెర విషయంలో నాకు తోచిన మాట “చప్పుడు”.

ఆ “చప్పుడు” చరిత్ర ఏమిటో తర్వాత చదివాను. పదమూడవ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో కిన్నరీ వీణ లక్షణాలున్నాయి. అదే శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ చెప్పాడు. అంటే పియానో పుట్టడానికి నాలుగు వందల ఏళ్ల ముందే ఈ జాతి వాద్యం శాస్త్ర గ్రంథంలోనూ ఉంది, భక్తుడి చేతిలోనూ ఉంది. మరి ఇవాళ దాన్ని ఎవరూ శాస్త్రీయ వాద్యమని అనరేమి? వాద్యం మారిందా, పట్టుకున్న చెయ్యి మారిందా? దక్కలివారి చేతిలో ఉన్నది గనుక అది జానపదమైంది. దక్కలివారు మాదిగలకు ఆశ్రిత కులం. జాంబపురాణం చెప్పి, వాళ్లు పెట్టింది తిని బతికారు. ఊరు మాదిగవాడను దూరం పెట్టింది. మాదిగవాడ దక్కలివారిని తన కంటె దూరం పెట్టింది. ‘శాస్త్రీయం’, ‘జానపదం’ అని మనం గీసే గీత సంగీతంలో ఎంత ఉందో, కులంలో అంతకంటె ఎక్కువ ఉంది.

పాలమూరు దక్కలివారిలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగులయ్యను నేను విన్నది చాలా ఆలస్యంగా, ఒక సభలో. ఆయన ఊరు లింగాల మండలం అవుసలికుంట. 2016 దాకా అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. వెదురు దండె, సొరకాయ బుర్రలు, మెట్లను నిలబెట్టే మైనం, తంతి: కర్మాగారంతో పనిలేని సరంజామా. పొలం, అడవి, తేనెతుట్టె ఉంటే చాలు. దాని నాదం హాలు నింపదు. ముంగిట్లో కూర్చున్న పదిమందిని నింపుతుంది. ఆయన దాని మీద పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ చెబుతాడు. పండుగ సాయన్న నిజాం కాలంలో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టినవాడని పాలమూరు జనం చెప్పుకుంటారు.

నేను గమనించింది ఆయన ఎడమచేయి. మాటకూ మాటకూ మధ్య ఉన్న సందులో మెట్ల మీద వేళ్లు నడుస్తాయి. కథ ఆగినచోట తంతి కథ అందుకుంటుంది. గొంతు దుఃఖం చెప్పేటప్పుడు తంతి ఏడవదు, నడక తప్పదు. వెంటనే నాకు ఆ ఏడు మాత్రల సొనాటా గుర్తుకు వచ్చింది. రెండూ ఒకటే అని నేను అనను. అట్లా అనడం రెండింటికీ అన్యాయం. ఒకటి ఇంకొకరు రాసిన స్వరపత్రాన్ని అక్షరం తప్పకుండా వాయించే విద్య. ఇంకొకటి తాత నోటినుంచి విని, ప్రతి సభలో మళ్లీ కట్టుకునే విద్య. కాని చేతికి అంత క్రమశిక్షణ రావడానికి కావలసిన ఏండ్లు మాత్రం రెండుచోట్లా ఒకటే.

తేడా అంతా ఆ ఏండ్లను ఎవరు భరించారన్న దగ్గర ఉంది. రిఖ్టర్ వెనుక విద్యాలయం ఉంది, గురువుకు జీతం ఉంది, కచేరీ హాలు ఉంది, రికార్డు అచ్చువేసే కర్మాగారం ఉంది. ఆ రికార్డే వేల మైళ్లు దాటి నల్లమల అంచుకు వచ్చింది. మొగులయ్య వెనుక భిక్ష తప్ప వేరే వ్యవస్థ లేదు. కాబట్టి పక్కవాడలో ఉన్న కిన్నెర కంటె మాస్కో పియానో నాకు దగ్గరైంది. నా అభిరుచి నా సొంతమనుకున్నాను. దాన్ని నాకు అందించిన బండి ఒకటి ఉందని అనుకోలేదు.

2021లో ఒక సినిమా పాటలో మొగులయ్య గొంతు, కిన్నెర వినిపించాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఆయన కళ చేరింది. ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడాల దగ్గర కూలిపని చేస్తున్నాడనీ, నెలనెలా వచ్చే భృతి ఆగిందనీ పత్రికలు రాశాయి. అదే 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ల తేడాతో ఒకే పాత జిల్లాకు రెండు బిరుదులు! సంతోషించవలసిందే. కాని బిరుదు ఒక మనిషికి ఇస్తారు, విద్య నిలవడానికి మనుషులు కావాలి. తండ్రి పాట పాడి కూలికి పోతే, ఆ పాట నేర్చుకొమ్మని కొడుకుకు ఏ ముఖంతో చెబుతాం?

ఇక్కడ ప్రభుత్వాన్ని తిట్టి ముగించడం సులభం. మన సంగతి కూడా చూసుకోవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు వంటివారు గొల్లసుద్దులను, బుర్రకథను ఉద్యమానికి ఆయుధం చేశారు. అది మన సాహిత్య చరిత్రలో గొప్ప ఘట్టం. కాని ఆ తర్వాతి తరాల్లో మనం ఒక అలవాటు చేసుకున్నాం. జానపదుడి వరుస తీసుకుంటాం, మన మాట అందులో పోస్తాం, వరుస ఇచ్చినవాణ్ణి మరిచిపోతాం. అతని కళ మనకు పాత్ర అయిందే గాని, పాత్రకు కూడా ఒక పనితనం ఉంటుందని, దాన్ని చేసినవాడు గురువని మనం గుర్తించలేదు. అటువంటి వాద్యాలను వెతికి సేకరించే పనిలో ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు ఏండ్ల తరబడి శ్రమపడ్డారు. ఆ శ్రమకు మన సభలు, మన పత్రికలు ఎంత తోడుగా నిలిచాయి?

నేను ఇప్పటికీ రిఖ్టర్‌ని వింటాను. కిన్నెరను తెలుసుకున్నందుకు పియానోను వదులుకోవలసిన పని లేదు. ఒక కళను ప్రేమించడానికి మరో కళను తక్కువ చేసేవాడు రెండింటినీ సరిగ్గా వినలేదన్నమాట. కాని అభిమానం అనే మాటకు నా అర్థం మారింది. వాయిద్యం వినడంతో అది పూర్తి కాదు. ఆ చెయ్యి అట్లా వాయించడానికి ఏమేమి కావలసి వచ్చిందో, ఎవరు ఏమి చెల్లించారో, ఏ నిజాన్ని మనం మింగామో అడగాలి. రిఖ్టర్ తండ్రి సంగతి అడగాలి. మొగులయ్య కూలి సంగతీ అడగాలి.

బళ్లలో పనిచేస్తున్న మిత్రులకు ఒక మనవి. పాఠ్యపుస్తకంలో కిన్నెర బొమ్మ చూపించి పాఠం ముగించకండి. మీ మండలంలో ఆ వాద్యం పట్టే మనిషి ఉంటే పిలవండి, బళ్లోకి వచ్చిన గురువుకు ఇచ్చినట్టే అతనికి కుర్చీ, కూలి రెండూ ఇవ్వండి. పరీక్షల రోజుల్లో వస్తే, ఏ రోజు రావాలో తేదీ చెప్పి పంపండి. నేను ఆ ముసలాయనకు “ఇంకోపారి” అన్నానే గాని ఏ రోజో చెప్పలేదు. తేదీ లేని పిలుపును ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నాడు.