ఓటు అడగని ఫోర్డు

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలావాటికి కార్ల పరిశ్రమే అన్నం పెడుతోంది. మాదీ అందులో ఒకటి. ఇక్కడ ఆసుపత్రికీ, మ్యూజియానికీ, కాలేజీకీ హెన్రీ ఫోర్డు పేరే. అలాంటి మనిషి ఈ రాష్ట్రంలోనే ఎన్నికల్లో ఓడిపోయాడంటే మా మిత్రులు చాలామంది నమ్మరు.

1918లో ప్రెసిడెంట్ విల్సన్ అడిగితే ఫోర్డు మిషిగన్ నుంచి సెనేట్‌కి డెమొక్రాట్‌గా నిలబడ్డాడు. రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించి 1914లోనే దేశమంతా పేరు తెచ్చుకున్నాడు కదా, ఆ పేరే గెలిపిస్తుందనుకున్నాడేమో, ప్రచారానికి కదల్లేదు. పైసా తియ్యలేదు.

అవతల రిపబ్లికన్ అభ్యర్థి ట్రూమన్ న్యూబెర్రీ. యుద్ధకాలం, పైగా ఆయన నౌకాదళంలో ఉన్నాడు. ఫోర్డు కొడుకు ఎడ్సెల్‌కి సైన్యం నుంచి మినహాయింపు దొరికిన సంగతిని ఆ వర్గం ఊరూరా ఎత్తిచూపింది. కొడుకుని అడ్డం పెట్టుకుని తండ్రిని కొట్టడం నాకు ఇప్పటికీ రుచించదు. ఫోర్డు 8,000 లోపు ఓట్ల తేడాతో ఓడాడు.

న్యూబెర్రీ వర్గం ప్రైమరీలోనే లక్ష డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. చట్టం ఒప్పుకున్నది 3,750. కింది కోర్టు 1920లో ఆయన్ని దోషిగా తేల్చింది. ప్రైమరీల మీద ఆ చట్టం చెల్లదని సుప్రీంకోర్టు 1921లో శిక్ష కొట్టేసింది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకి 40 లక్షల రూపాయల పరిమితి పెట్టుకున్న మన రాష్ట్రాల్లో ఓటుకి నోటు పంచడం చూసి పెరిగినవాణ్ణి, ఈ కథ చదువుతుంటే కడుపు రగిలిపోయింది.

అయినా ఫోర్డు ఓడిపోవడమే మంచిదైందని నేను గట్టిగా నమ్ముతాను. 1920 నుంచి తన పత్రిక ‘డియర్‌బోర్న్ ఇండిపెండెంట్’లో యూదుల మీద ఆయన చిమ్మించిన విషం తక్కువది కాదు. పైగా, జనం ముందు నిలబడి ఓటు అడగనివాడు రేపు వాళ్లకేం జవాబు చెబుతాడు?

1918 నాటి ఆ ఎన్నికల్లోనే ఫోర్డు పాత భాగస్వామి జేమ్స్ కజెన్స్ డెట్రాయిట్ మేయర్‌గా గెలిచాడు. 1922లో న్యూబెర్రీ రాజీనామా చేశాక ఆ సెనేట్ సీటు ఆయనకే దక్కింది. తానూ కోటీశ్వరుడై ఉండి, ధనికుల మీద పన్ను తగ్గించకూడదని వాషింగ్టన్‌లో పోట్లాడాడు. మిషిగన్ జనం ఆయన్ని 1924లోనూ, 1930లోనూ మళ్లీ గెలిపించారు.