నా కంచం

గత వేసవి సెలవులలో షికాగో సమీపాన ఉన్న మా ఆపా ఇంటికి వెళ్ళాను. ఇల్లు పాతది. వంటగట్టు క్రింద అమర్చిన పాత్రలు కడిగే యంత్రం వయసులో ఇంటికి ఏమంత తీసిపోదు. ఆ వారమే అది ఆగిపోయింది.

కొత్తది కొనడం సులభమే. ఆ దేశంలో 24 అంగుళాల వెడల్పే వాడుక. పాతదానిని వెలికి తీయడమే కష్టమైంది. అది అమర్చిన తరువాత ఎవరో దాని ముందర టైల్సు పరిపించారు. నేల ఎత్తు పెరిగి యంత్రం లోపల బందీ అయింది. పనివాడు విద్యుత్తు, నీరు ఆపి, గట్టుకు బిగించిన మరలు విప్పి, దాని కాళ్ళు తిప్పి క్రిందికి దించినా కదలలేదు. చివరకు ముందు వరుస టైల్సు పగులగొట్టవలసి వచ్చింది. పని ముగిసేసరికి నాలుగు రోజులు పట్టింది.

ఆ నాలుగు రోజులు ఆపా తోమితే నేను కడిగాను. “అమ్మీ ఉంటే నిన్ను ఇక్కడికి రానిచ్చేదా?” అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బూడిదతో, చింతపండుతో తోమి తోమి పగిలిన అమ్మీ వేళ్ళు జ్ఞాపకం వచ్చాయి. ఆ వేళ్ళను రోజూ చూశాను; ఎందుకు పగిలాయని ఏనాడూ అడగలేదు. ఇటువంటి యంత్రానికి 1886లో పేటెంటు పొంది, 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో చూపినది జోసెఫిన్ కాక్రేన్ అనే స్త్రీ కావడంలో వింత లేదనిపించింది.

ఇప్పుడు నా కంచం నేనే కడుగుకొంటున్నాను. ఈ బాకీ అందుకోవలసిన మనిషి లేదు. విద్యార్థులారా, మీరు అమ్మ ఉండగానే మొదలుపెట్టండి.