పటములో లేనివారు

మొన్న మా కుమార్తె పాఠశాలకొఱకు వంశవృక్షమును వ్రాయుచు, గోడమీఁది పటములను వరుసగా పరికించి, "నాన్నగారూ, మిమ్మల్ని పెంచిన మామ్మ ఇందులో ఏదీ?" అని యడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆ రాత్రి మాకు భాసుని ప్రతిమానాటకము జ్ఞప్తికి వచ్చినది. మేనమామ యింటినుండి మరలివచ్చు భరతుఁడు అయోధ్య వెలుపల ప్రతిమాగృహమును చొచ్చి, దిలీప రఘు అజుల విగ్రహముల సరసనే తండ్రి విగ్రహమును కాంచును. బ్రదికియున్నవారికి అచట ప్రతిమలు నిలుపరని విని, తండ్రి మరణమును తెలిసికొనును. పిమ్మట కౌసల్యాదులు మువ్వురును ఆ ప్రతిమను చూడవత్తురు. సజీవులు గనుక వారికి ప్రతిమలు లేకుండుట న్యాయమే. కాని దిలీపుని సుదక్షిణయు, అజుని యిందుమతియు నెక్కడ? ఈ నాటకమును ఇన్నిమార్లు పాఠము చెప్పియు మేమీ ప్రశ్న నెన్నఁడును వేసికొనలేదు.

ఈ లోపము మన దొక్కటే కాదు. రోమక ప్రభువంశములవారు పూర్వుల ముఖములను మైనముతో చేయించి, ఇంటి నడిమి సావడిలో భద్రపఱచెడివారు. ఇంట నొకరు మరణించినప్పుడు, ఆకారమున పోలినవా రా ముఖములను ధరించి, ఆ పూర్వుల యధికార వేషములతో శవము వెంట నడచెడివారని పొలిబియస్ వ్రాసినాఁడు. ఉన్నతాధికారము వహించినవారికే ఆ గౌరవము. స్త్రీలకు అధికారము లేదు. కనుక ముఖమును లేదు.

చీనాలో మింగు, చింగు రాజుల కాలమున వేఱొక పద్ధతి కలదు. భార్యాభర్తల నిరువురను సమాన ప్రమాణమున చిత్రింపించి, నూతన సంవత్సరమున ఆ పటములను వ్రేలాడఁదీసి పూజించెడివారు. బ్రదుకున ఆమెకు సమత్వ మున్నదని చెప్పఁజాలము. పటమున మాత్రము చోటున్నది.

మన శాతవాహనులు సుమారు రెండువేల యేండ్ల క్రిందట, మహారాష్ట్రమున జున్నరు చేరువనున్న నానాఘాటు గుహలో తమ కుటుంబము ప్రతిమలను చెక్కించిరి. ప్రతిమలు నశించినవి, వానిమీఁది పేళ్ళు నిలిచినవి. వానిలో శాతకర్ణి పేరితోపాటు రాణి నాగానిక పేరును ఉన్నది.

ఇఁక మా సంగతి. మాతృవియోగానంతరము మమ్ము పెంచినది మా మేనత్తగారు. ఆమె బాలవితంతువు. మా వివాహమునాఁడు బంధువులనందఱను పటమునకు నిలుపుచుండఁగా, "నేను రాకూడదు నాయనా" అని వంటయింటిలోనికి తొలఁగినది. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగముగారిని గుఱించి ఏటేట పాఠము చెప్పు మేము, ఊరకుంటిమి. మఱి రెండేండ్లకు ఆమె గతించినది.

ఓటరు కార్డుమీఁది మసకబొమ్మ తప్ప ఆమె రూపము మాకు మిగులలేదు. దానినే పెద్దది చేయించి, మా తండ్రిగారి పటము ప్రక్కన తగిలించితిమి. కనుముక్కు తీరు సరిగా తెలియదు. పిలువవలసిననాఁడు పిలువని దోషము దీనితో తీరదు. తమ యింట శుభకార్యము తలపెట్టిన పాఠకులు, పటము తీయింపకమునుపు వంటయింటివైపు ఒకసారి చూతురు గాక.