ఖాళీ సీటు

మన ఊళ్ళో బస్సులో సీటు ఖాళీగా కనిపిస్తే కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాళ్ళం. అమెరికా కాంగ్రెస్‌లో సీటు అంత తేలిగ్గా దొరకదు గానీ, కొత్తవాళ్ళకి కాస్త ఆశ ఉండేది ఖాళీ సీటు దగ్గరే. ప్రతినిధుల సభకి మళ్ళీ పోటీచేసే సిట్టింగ్ సభ్యుల్లో నూటికి తొంభైమంది దాకా గెలుస్తూనే ఉంటారు మరి.

2017లో మేరీలాండ్ ఆరో డిస్ట్రిక్ట్ సభ్యుడు జాన్ డిలేనీ, అధ్యక్ష పదవికి పోటీచేస్తానంటూ ఆ సీటు వదులుకున్నారు. దానికోసం బరిలో దిగినవాళ్ళలో అరుణా మిల్లర్ ఒకరు. పుట్టింటి పేరు కాట్రగడ్డ. హైదరాబాదులో పుట్టి, ఏడేళ్ళ వయసులో ఇక్కడికొచ్చి, సివిల్ ఇంజనీరింగ్ చదివి, మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో ఏళ్ళ తరబడి పనిచేశారు. 2010లో రాష్ట్ర శాసనసభకి ఎన్నికయ్యారు.

చిక్కల్లా ఏమిటంటే, 2018లోనే రాష్ట్ర శాసనసభ ఎన్నికలు కూడా. రెండుచోట్లా నిలబడటం కుదరదు. ఆవిడ చేతిలో ఉన్న సీటు వదిలేశారు. ప్రైమరీలో ఎదురుపడింది డేవిడ్ ట్రోన్, పెద్ద మద్యం దుకాణాల యజమాని. సొంత డబ్బే కోటి డాలర్ల పైన పెట్టారు. ఆయనకి దాదాపు 40 శాతం, ఈవిడకి 31 శాతం ఓట్లు.

ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ ఒక్కమాటలో తేల్చేసింది: "రెంటికీ చెడ్డ రేవడి."

అమ్మని తప్పుపట్టలేను. నేను హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. ఓటు లేదు. అభ్యర్థికి చందా ఇవ్వడానికి కూడా చట్టం ఒప్పుకోదు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా మాత్రం పనిచేయొచ్చు. ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవడమే నాకు తెలిసిన విద్య.

2022లో అరుణ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ అభినందనలతో నిండిపోయాయి. నాకు మాత్రం ఓడిపోయిన 2018 అరుణే ఎక్కువ గుర్తొస్తారు. ముందేముందో తెలియకుండా ఉన్న సీటు వదిలిన మనిషి ఆవిడే కదా.

మా పాప ఇక్కడే పుట్టింది. ఇరవై అయిదేళ్ళు నిండితే ప్రతినిధుల సభకి తనూ పోటీచేయొచ్చు. ఎప్పుడైనా ఉన్న ఉద్యోగం మానేసి నిలబడతానంటే, అమ్మ అన్నమాట నా నోట రాకుండా చూసుకోవాలి.