జాలీ వెనక వయొలిన్

మొహం కనబడకుండా వాయించాలి. పెళ్లయితే కచేరీలే మానేయాలి. ఈ షరతుల మధ్యే మూడొందల ఏళ్ల కిందట కొందరు అనాథ అమ్మాయిలు యూరప్‌లోని సంగీత ప్రియులందర్నీ తమ గుమ్మంలోకి రప్పించారు. ఆ గుమ్మం వెనిస్‌లో ఉంది.

వెనిస్ వెళ్లినవాళ్లు సెయింట్ మార్క్ చౌరస్తా చూసి, పడవెక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు. అక్కణ్నుంచి నీటి ఒడ్డునే తూర్పుగా కొద్ది నిమిషాలు నడిస్తే తెల్లటి ముఖద్వారంతో ఓ చర్చి కనిపిస్తుంది. పేరు లా పియెతా. దాని పక్క సందులో గోడకు 1548 నాటి రాతిఫలకం ఉంది. పెంచే స్తోమత ఉండీ బిడ్డల్ని ఇక్కడ వదిలేసేవారికి దేవుడి శాపం తగులుతుందని దానిమీద హెచ్చరిక!

పియెతా అనాథాశ్రమం 1346లో మొదలైంది. పసికందుల్ని వదిలేందుకు గోడలో చిన్న గూడు ఉండేది. ఎప్పటికైనా వచ్చి తీసుకెళ్లొచ్చన్న ఆశతో కొందరు తల్లులు నాణేన్ని సగానికి విరిచి, ఒక ముక్క బిడ్డ దగ్గర ఉంచి వెళ్లేవారట. మగపిల్లలు పెద్దయ్యాక ఏదో ఒక పని నేర్చుకుని బయటికి వెళ్లిపోయేవారు. ఆడపిల్లలు అక్కడే ఉండిపోయేవారు. వాళ్లలో ప్రతిభ ఉన్నవారికి సంగీతం నేర్పేవారు. 1703లో వాళ్లకు వయొలిన్ నేర్పడానికి వచ్చిన పాతికేళ్ల మతగురువే ఆంటోనియో వివాల్డీ.

వాద్యమే ఇంటిపేరు

ఆ రోజుల్లో గౌరవ కుటుంబాల అమ్మాయిలు ఇంట్లో హార్ప్సికార్డ్ మీటితే చాలనుకునేవారు. వయొలిన్ పట్టినా, ఊదే వాద్యం జోలికెళ్లినా ఆడతనానికి తగదనేవారు. పియెతాలో ఆ పట్టింపు లేదు. వయొలిన్, చెల్లో, ఓబో, బసూన్... అన్నీ అమ్మాయిలే! ఎంత పెద్ద వాద్యానికీ వాళ్లు బెదరరని 1739లో ఆ ఊరు చూసిన ఫ్రెంచి యాత్రికుడు షార్ల్ ద బ్రోస్ రాశాడు. అమ్మానాన్నలెవరో తెలియని ఆ పిల్లలకు ఇంటిపేరు ఉండదు కదా. మనం వీణ ధనమ్మాళ్ అన్నట్టు, వాళ్లనీ వాద్యం పేరుతోనే పిలిచేవారు. అందరిలోకీ ప్రసిద్ధురాలు వయొలిన్ అన్నా మరియా. ఆమె కోసమే వివాల్డీ ఎన్నో కచేరీ రచనలు చేశాడు.

అయితే చర్చిలో ఆడవాళ్లు జనానికి కనబడుతూ పాడటం, వాయించడం తగదన్నది ఆనాటి కట్టుబాటు. అందుకే పై వరండాల్లో ఇనుప జాలీల వెనక కూర్చోబెట్టేవారు. పెళ్లి చేసుకుని వెళ్లేవాళ్లు బహిరంగంగా కచేరీ చేయబోమని ఒప్పుకోవాలి. కళ కావాలో కాపురం కావాలో తేల్చుకోవాల్సిందే. అన్నా మరియా పెళ్లి చేసుకోలేదు. 1782లో చనిపోయేదాకా పియెతాలోనే ఉంది.

గడప దాటిన మద్దలేనా

ఆ ఊళ్లోనే మెండికాంతి అనే మరో ఆశ్రమంలో పెరిగింది మద్దలేనా లొంబార్దీని. ప్రసిద్ధ విద్వాంసుడు తార్తీనీ శిష్యురాలు. వయొలిన్ ఎలా సాధన చేయాలో 1760లో ఆయన ఆమెకు రాసిన ఉత్తరం తర్వాత అచ్చయి, విద్యార్థులకు పాఠమైంది. 1767లో మద్దలేనా వయొలిన్ విద్వాంసుడు లుదొవీకో సిర్మెన్‌ను పెళ్లాడింది. వయొలిన్ మాత్రం వదల్లేదు. మరుసటి ఏడాది పారిస్‌లో, 1771లో లండన్‌లో జనం ఎదుటే వాయించింది. అడ్డుగా ఏ జాలీ లేదు! సొంతంగా కచేరీ రచనలూ చేసి అచ్చువేయించింది.

ఇప్పుడున్న చర్చి వివాల్డీ చూసింది కాదు. ఆయన 1741లో పోయాడు, ఇది పూర్తయింది 1760లో. కానీ గోడలపై ఆ ఇనుప జాలీలు ఇప్పటికీ ఉన్నాయి. పియెతా సంస్థ కూడా పిల్లల సంరక్షణ కొనసాగిస్తూనే ఉంది. నీటి బస్సులో వెళ్లేవారు సాన్ జకారియా స్టాపులో దిగితే చాలు, చర్చి దగ్గరే. లోపలికి వెళ్తే పైకప్పు మీద తియెపొలో చిత్రంతో పాటు, ఆ జాలీల వైపూ ఓసారి తలెత్తి చూడాలి.